పిల్లలకు ఫ్లూ టీకా - పాల సంఘాలు చేయదగిన పని

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



కార్యక్రమ పత్రంలో మా పేరు ఎదుట 'రికార్డుల నిర్వహణ' అని అచ్చయింది. కనుక రికార్డులతోనే మొదలు పెడతాము. తనిఖీకి వచ్చినప్పుడు మేము పాల సేకరణ రిజిస్టరు, ఫ్యాటు రిజిస్టరు, నగదు పుస్తకం చూచిన తరువాత అడ్వాన్సుల ఖాతా తీస్తాము. బిల్లు చేతికి రాకముందే సభ్యుడు అక్కరకు తీసుకొన్న సొమ్ము అందులో ఉంటుంది. దాణాకు, విత్తనాలకు, పిల్లల ఫీజులకు తీసుకొన్నవి ఏడాది పొడుగునా ఉంటాయి. తొలకరి పడి నెల దాటిన తరువాత మాత్రం ఒకే మాట మళ్లీ మళ్లీ కనబడుతుంది: 'దవాఖాన ఖర్చు'. చలికాలం చివర మరొకసారి కనబడుతుంది. ఎవరికేమయిందని కార్యదర్శిని అడిగితే, "పిలగానికి సర్ది జరం సార్, నిమ్ము జేసింది" అంటాడు.

మానేరు దిగువన ఒక సంఘంలో ఇటువంటి పద్దు ఒకటి పెద్దదిగా కనబడింది. నాలుగేండ్ల బాలుడు, పుట్టుకతోనే ఆయాసం ఉన్నవాడు. వానాకాలంలో జ్వరం వచ్చి రెండు రోజులలోనే ఊపిరి ఆడక పట్నంలో ప్రైవేటు దవాఖానలో చేర్చారు. పరీక్షలో ఫ్లూ అని తేలింది. తొమ్మిది రోజులున్నారు. సంఘం అడ్వాన్సు చాలక రెండో ఈత బర్రెను అమ్ముకున్నారు. బాలుడు బ్రతికాడు, సంతోషమే. ఆ తండ్రి మమ్ములను అడిగిన ప్రశ్న ఇది: "బర్రెకు గాలికుంటు సూది ఇంటికచ్చి ఏసిపోతరు. పిలగానికి గిసొంటి సూది లేదా సారూ?"

ఉన్నది. ఆరు నెలలు నిండిన పిల్లల నుండి వేయవచ్చు. మన పట్టణాలలో పిల్లల డాక్టర్ల వద్ద దొరుకుతుంది. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. మేము డాక్టర్లము కాము, సహకార డిప్లొమా చదివినవారము. వైద్యుడిని అడిగి తెలుసుకొన్నదీ, చదివి తెలుసుకొన్నదీ మాత్రమే మీ ముందు పెడుతున్నాము.

మొదట ఒక తేడా గ్రహించవలెను. ముక్కు కారే ప్రతి సర్దీ ఫ్లూ కాదు. మామూలు సర్ది మెల్లగా వస్తుంది, పిల్లవాడు ఆడుకుంటూనే ఉంటాడు. ఫ్లూ, అంటే ఇన్‌ఫ్లుయెంజా, ఒక్కసారిగా మీద పడుతుంది. ఎక్కువ జ్వరం, ఒళ్లు నొప్పులు, పొడిదగ్గు, నీరసం ఉంటాయి. పసిపిల్లలలో వాంతులు కూడా కావచ్చు. అధిక సంఖ్యాకులకు వారం రోజులలో తగ్గిపోతుంది. కొందరికి ఊపిరితిత్తులలోకి దిగి నిమ్ము చేస్తుంది. ఆ కొందరిలో ఐదేండ్లలోపు పిల్లలు, అందులోనూ రెండేండ్లలోపు వారు ముందుంటారు.

ఈ జబ్బు మనకు కొత్తది కాదు. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. 2009లో స్వైన్ ఫ్లూ అన్నారు. దేశంలో మొదటి కేసు ఆ ఏడు మే నెలలో మన హైదరాబాదులోనే, విమానంలో దిగిన ప్రయాణికునిలో తేలింది. దేశంలో మొదటి మరణం అదే ఆగస్టులో పుణెలో 14 ఏండ్ల బడి పిల్లది. 2015 ఆరంభంలో హైదరాబాదు గాంధీ ఆసుపత్రి ముందు మూతికి గుడ్డ కట్టుకొని నిలబడిన జనం మీకు జ్ఞాపకం ఉండవచ్చు. ఆ ఏడు దేశం మొత్తం మీద 42 వేలకు పైగా కేసులు, మూడు వేలకు దగ్గరగా మరణాలు నమోదైనాయి. ఇవి పరీక్ష చేసి తేల్చినవి మాత్రమే. ఊళ్లో 'నిమ్ము చేసింది' అని అనుకొని ఊరుకున్నవి ఏ లెక్కలోకీ రావు.

ఇప్పుడు టీకా సంగతి. మీకు తెలిసిన టీకాతో పోల్చి చెబితే తేలిక. గాలికుంటు టీకాలో ఓ, ఏ, ఆసియా-1 అని మూడు రకాల వైరస్‌లకు మందు ఉంటుంది. దూడకు నాలుగైదు నెలలప్పుడు మొదటిసారి, నెల తరువాత బూస్టరు, ఆ పైన ఆరు నెలలకొకసారి. 2019లో జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం మొదలైన తరువాత ఈ టీకాను ఇల్లిల్లూ తిరిగి ఉచితంగా వేస్తున్నారు. ఫ్లూ టీకా నడకా దాదాపు ఇదే. అందులోనూ ఇప్పుడు మూడు రకాలకు మందు ఉంటుంది: ఏ జాతివి రెండు, బి జాతిది ఒకటి. తొమ్మిదేండ్లలోపు పిల్లలకు మొదటిసారి వేయించేటప్పుడు నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు కావలెను. మరుసటి ఏటి నుండి ఏడాదికొక్కటి చాలు. ఒక మోతాదుతో ఆపివేస్తే పెయ్యకు బూస్టరు తప్పించినట్లే.

ఏటేటా ఎందుకని అడుగుతారు. ఈ వైరస్ ఏటేటా కొంచెం కొంచెం రూపు మార్చుకుంటుంది. పోయిన ఏటి టీకాతో వచ్చిన బలం తగ్గుతుంది, వచ్చే వైరస్‌కూ సరిగా ఆనదు. అందుకని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి, ఏ రకాలు పెట్టి టీకా తయారు చేయవలెనో నిర్ణయిస్తారు. వేయించేటప్పుడు "ఇది ఈ ఏటి మందేనా?" అని డాక్టరును అడగడం తప్పు కాదు. పాలు పోసే ముందు మీరు లాక్టోమీటరు చూడమంటారు గదా.

కాలం కూడా ముఖ్యం. మనకు ఫ్లూ వానాకాలంలో ఎక్కువ, చలికాలం చివర మరి కొంత. టీకా వేసిన రెండు వారాలకు గాని రక్షణ రాదు. కనుక ఉగాది దాటిన తరువాత మొదటి మోతాదు, నెలకు రెండవది, మృగశిర కార్తె లోపల రెండూ ముగియవలెను. ఆ అదను దాటిపోతే ఇక వద్దని కాదు. తరువాత వేయించినా మేలే.

ఆదిలాబాద్ వైపు నుండి వచ్చినవారికి ఒక మాట. తిర్యాణి మండలం గిన్నెధరి, సిర్పూరు(యు) వంటి చోట్ల చలికాలంలో రాష్ట్రంలోనే అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదవుతుంటాయి. చలి వల్ల ఫ్లూ పుట్టదు. చలికి తలుపులు మూసుకొని ఒక గదిలో పదిమంది పడుకున్నప్పుడు దగ్గు తుంపరలతో ఒకరి నుండి ఒకరికి పాకుతుంది. ఆశ్రమ పాఠశాలల్లో పడుకొనే పిల్లల సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు. పైగా అక్కడి గిరిజన కుటుంబాలలో సికిల్ సెల్ రక్తహీనత ఉన్నది. ఆ జబ్బు ఉన్న పిల్లలకు ఫ్లూ సోకితే ప్రమాదం చాలా ఎక్కువ. ఉట్నూరు, జైనూరు, కెరమెరి వైపు సంఘాలు ఈ ఒక్క విషయాన్ని ప్రత్యేకంగా పట్టించుకోవలెను.

ఇక టీకా ఎంతవరకు పనిచేస్తుంది? ఇక్కడ ఎక్కువ చేసి చెప్పడం మాకు ఇష్టం లేదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతపు పల్లెలలో 2009 నుండి 2012 వరకు మూడేండ్లు పరిశీలించారు. ఆరు నెలల నుండి పదేండ్ల లోపు పిల్లలలో సగం ఇండ్లవారికి ఫ్లూ టీకా, మిగిలిన ఇండ్లవారికి పోలియో సూది వేసి పోల్చారు. ఫ్లూ నుండి రక్షణ మొదటి ఏడు నూటికి సుమారు 25, రెండవ ఏడు 40, మూడవ ఏడు 70 పైచిలుకు. ఒకే పల్లెలు, అయినా ఏడాదికొక తీరు. టీకాలోని రకమూ ఆ ఏడు తిరిగే రకమూ కలిస్తే బాగా పనిచేస్తుంది, కలవకపోతే తక్కువ. టీకా వేయించిన పిల్లవానికి సర్ది రాదని ఏ కార్యదర్శీ హామీ ఇవ్వరాదు. వేరే వైరస్‌లతో సర్ది వస్తూనే ఉంటుంది, అప్పుడు "సూది ఏసినా అచ్చిందిగదా" అని మాట పడవలసి వస్తుంది. ఫ్లూ వచ్చే అవకాశం తగ్గుతుంది, వచ్చినా దవాఖానలో చేర్చవలసినంత ముదరడం తగ్గుతుంది. చెప్పవలసినది అంతే, అది చిన్న సంగతి కూడా కాదు.

సహకారులమైన మనకు ఇంకొక పరిశీలన బాగా నచ్చుతుంది. కెనడా దేశంలో హట్టరైట్లు అని ఒక జాతివారున్నారు. వ్యవసాయం, పాడి, ఆస్తి అంతా ఉమ్మడి. ఊరంతా కలిసే భోజనం. 2008-09లో వారి ఊళ్లు కొన్నింటిలో మూడేండ్ల నుండి పదిహేనేండ్ల పిల్లలకు మాత్రమే ఫ్లూ టీకా వేశారు. టీకా వేయించుకోని పెద్దలలో, ముసలివారిలో కూడా ఫ్లూ నూటికి 61 వంతులు తగ్గింది. బడి నుండి జబ్బు మోసుకొచ్చేది పిల్లలే గనుక పిల్లల దగ్గర ఆపితే అవ్వ తాతల దాకా రాలేదు. మందలో అన్ని పశువులకూ గాలికుంటు టీకా వేస్తే చూలు బర్రె కూడా కాపాడబడినట్లే.

ఖర్చు గూర్చి దాచకుండా మాట్లాడుకుందాము. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల పట్టికలో ఫ్లూ టీకా లేదు. నర్సమ్మ దగ్గర అడిగి లేదంటే ఆమె మీద కోపగించవద్దు. ప్రైవేటులో ఒక మోతాదు వెయ్యిన్నర, రెండు వేలు అవుతున్నది. మొదటి ఏడు రెండు మోతాదులకు 3,500 రూపాయలనుకొనండి. రోజుకు ఆరు లీటర్లు పోసే సభ్యునికి లీటరుకు 50 రూపాయల చొప్పున రోజుకు 300. అంటే రెండు సూదులకు దాదాపు పన్నెండు రోజుల పాలబిల్లు, దాణా ఖర్చు తీయకుండానే. ఇద్దరు పిల్లలుంటే నెల బిల్లులో ముప్పాతిక పోతుంది. ఊరందరూ వేయించండని చెప్పి మేము కారెక్కి వెళ్లిపోతే అది ఉపన్యాసమే అవుతుంది.

కాబట్టి వరుస పెట్టుకోవలెను. డబ్బు అక్కరలేని టీకాలు ముందు. పెంటావాలెంట్ 6, 10, 14 వారాలకు. న్యూమోకోకల్ టీకా 6, 14 వారాలకు, మళ్లీ 9 నెలలకు. తట్టు, రుబెల్లా టీకా 9 నెలలకు, మళ్లీ ఏడాదిన్నర ప్రాంతంలో. ఇందులో న్యూమోకోకల్ టీకా మన రాష్ట్రంలో 2021 నుండి ఉచితంగా దొరుకుతున్నది. ప్రైవేటులో వేల రూపాయలయ్యే మందు అది. ఫ్లూ వచ్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్న తరువాత పైన వచ్చి పడే నిమ్మును ఇది చాలా వరకు అడ్డుకుంటుంది. బుధ, శనివారాల్లో ఉపకేంద్రంలో, అంగన్‌వాడీలో వేస్తారు. ఈ కార్డు నింపకుండా ఫ్లూ టీకాకు పరుగెత్తడం గోడలు లేకుండా కప్పు వేయడమే.

ఆ తరువాత, ఫ్లూ టీకాకు ముందుగా ఎవరు? మా అభిప్రాయంలో ఆయాసం ఉన్న పిల్లలు, గుండెలో రంధ్రం వంటి లోపాలున్నవారు, సికిల్ సెల్, తలసేమియా ఉన్నవారు, మూత్రపిండాల జబ్బు, చక్కెర జబ్బు ఉన్న పిల్లలు - వీరికి ఐదేండ్లు దాటినా సరే, ఏటా వేయించవలెను. తరువాత రెండేండ్లలోపు పసివారు. తరువాత ఐదేండ్లలోపు అందరూ. పిల్లల డాక్టర్ల సంఘమైన ఇండియన్ అకాడెమీ ఆఫ్ పీడియాట్రిక్స్‌వారు ఐదేండ్లలోపు పిల్లలందరికీ ఏటా వేయించమనే చెబుతున్నారు. వరుస మేము చెప్పేది చేతిలో సొమ్ము తక్కువైనవారి కోసం.

ఆరు నెలలలోపు పసిగుడ్డుకు ఈ టీకా వేయరు. ఆ బిడ్డకు రక్షణ తల్లి నుండి రావలెను. మన దూడకు కడుపులో ఉండగా తల్లి నుండి రోగనిరోధక శక్తి అందదు; అందుకే ఈనిన వెంటనే ముర్రుపాలు తాగించమని మీకు ప్రతి తరగతిలో చెబుతాము. మనిషి బిడ్డ అదృష్టవంతుడు. గర్భంలో ఉండగానే తల్లి రక్తం నుండి ఆ శక్తి చేరుతుంది, తరువాత చనుబాల ద్వారా కొంత. గర్భవతి ఫ్లూ టీకా వేయించుకుంటే తల్లికీ, పుట్టబోయే బిడ్డకూ రక్షణ. ఏ నెలలోనైనా డాక్టరు సలహాతో వేయించుకోవచ్చు. ఒక్క సూది, రెండు ప్రాణాలు; డబ్బు పొదుపుగా ఖర్చు పెట్టదలచినవారికి ఇంతకంటె మంచి పద్దు లేదు.

అభ్యంతరాలు వినబడతాయి. సూది వేస్తే అదే జబ్బు వస్తుందని ఒకటి. సూదిగా వేసే ఈ టీకాలో ఉన్నది చచ్చిన వైరస్. దానితో ఫ్లూ రాదు. వేసిన చోట నొప్పి, ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం ఉండవచ్చు. గాలికుంటు టీకా వేస్తే రెండు రోజులు పాలు తగ్గుతాయని బర్రెను దాచిపెట్టిన సభ్యులను మేమెరుగుదుము. తరువాత నోట పుండ్లు లేచి ఈతంతా పాలు పోయినప్పుడు వారే మొదట వచ్చి సంఘాన్ని తిట్టినారు. ఇంకొకటి, కోడిగుడ్డు పడని పిల్లల సంగతి. టీకా చాలా వరకు కోడిగుడ్లలో పెంచిన వైరస్‌తోనే చేస్తారు. అయినా గుడ్డు పడనివారికీ వేయవచ్చునని నేటి వైద్యుల మాట. ఆ విషయం డాక్టరుకు ముందే చెప్పవలెను. మునుపు ఇదే టీకాకు ప్రమాదకరంగా ఒళ్లు వాచి ఊపిరి ఆడకపోయినవారికి వేయరాదు. జ్వరం ఎక్కువగా ఉన్న రోజు ఆగి వేయించవలెను.

చల్లదనం విషయం మీకు బాగా తెలిసిన విషయం. బల్క్ కూలరులో పాలు 4 డిగ్రీలకు దింపుతారు, గంట కరెంటు పోతే ప్రాణం కొట్టుకుంటుంది. ఈ టీకాను 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచవలెను. వేడెక్కితే పాడవుతుంది, గడ్డకట్టినా పాడవుతుంది. పాడైన పాలు విరిగి కనబడతాయి; పాడైన టీకా చూడటానికి మామూలుగానే ఉంటుంది. ఎవరో మందుల దుకాణంలో కొని, కూరగాయల సంచిలో పెట్టుకొని, ఎండలో బస్సెక్కి ఊరికి తెచ్చినట్లు విన్నాము. దయచేసి ఆ పని చేయవద్దు. సంఘం కూలరులో టీకా పెడతామని కూడా ఉత్సాహపడవద్దు, అది పాలకు. మన గోపాలమిత్ర చేయి ఎంత తేలికైనదైనా పిల్లల సూది ఆయన పని కాదు.

పాడి ఇండ్లవారు గనుక మరొక విషయం కలిపి చెబుతాము. 2024 మార్చిలో అమెరికాలో టెక్సాస్, కాన్సస్ రాష్ట్రాలలో పాడి ఆవులకు బర్డ్ ఫ్లూ సోకినట్లు బయటపడింది. జబ్బు ఆవు పచ్చిపాలలో వైరస్ ఎక్కువగా ఉన్నది, పాశ్చరైజేషన్‌తో నశించింది. 2025 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో నరసరావుపేటకు చెందిన రెండేండ్ల పసిపాప బర్డ్ ఫ్లూతో చనిపోయింది; పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని ఇంటివారు చెప్పారు. పిల్లలకు వేసే ఫ్లూ టీకా ఈ బర్డ్ ఫ్లూకు అడ్డుపడదు. దీనికి మందు పొయ్యి మీదనే ఉన్నది. బలమని గుమ్మపాలు పట్టించే అలవాటు మానవలెను, పాలు పొంగు వచ్చేదాకా కాచవలెను, కోళ్లు గుంపుగా చస్తే పిల్లలను అటు పోనీయక పశువైద్యశాలకు తెలుపవలెను.

టీకా వేయించినా, వేయించకపోయినా కొన్ని గుర్తులు కార్యదర్శి గది గోడ మీద రాసిపెట్టదగినవి. పిల్లవాడు పడుకుని ఉండగా నిమిషానికి ఊపిరి లెక్క పెట్టండి: రెండు నెలలలోపు 60, రెండు నెలల నుండి ఏడాది లోపు 50, ఏడాది నుండి ఐదేండ్ల వరకు 40 లేక అంతకు మించితే జాగు చేయరాదు. ఊపిరి తీసేటప్పుడు డొక్క లోపలికి పోవడం, పాలు తాగకపోవడం, ఫిట్స్, మగతగా పడి ఉండటం - ఇవి కనబడితే రాత్రయినా సరే దవాఖానకే. ఫ్లూకు ప్రత్యేకమైన మందు ఉన్నది, మొదటి రెండు రోజులలో పడితే బాగా పనిచేస్తుంది. సొంతంగా ఆస్పిరిన్ బిళ్లలు ఇవ్వరాదు.

సంఘం ఏమి చేయగలదు? ఉదయం, సాయంత్రం ఊరంతా మీ గడపకు వస్తుంది. ఏ ఇంట పసిబిడ్డ ఉన్నదో, ఎవరి పిల్లకు ఆయాసమో టెస్టరుకు తెలిసినంత మరెవరికీ తెలియదు. ఫాల్గుణంలో ఒక పట్టిక రాయండి. ఆశ కార్యకర్తను కూర్చోబెట్టుకొని ఉచిత టీకాలు ఎవరికి మిగిలినవో ముందు చూడండి. పదిహేను, ఇరవై మంది పిల్లలు తేలితే పట్నం నుండి పిల్లల డాక్టరును ఒక పూట పిలిపించండి. టీకా పెట్టెలో ఐసుతో ఆయనే తెచ్చుకుంటారు, సభ్యుల బస్సు ఖర్చు, కూలి మిగులుతుంది. వేసిన తరువాత అరగంట అక్కడే కూర్చోబెట్టవలెను.

సొమ్ము విషయంలో రెండు దారులున్నాయి. సభ్యునికి టీకా అడ్వాన్సు ఇచ్చి పక్షానికి 500 చొప్పున ఏడు బిల్లులలో కోసుకోవచ్చు. సభ్యుని సంతకం లేకుండా ఒక్క పైసా కోయరాదు. మేము తనిఖీలో మొదట చూచేది అదే. రెండవది, లాభాలలో ఉన్న సంఘాలు బై-లా అనుమతించిన మేరకు ఉమ్మడి శ్రేయోనిధి నుండి జబ్బున్న పిల్లల వరకైనా భరించవచ్చు. దానికి మహాజన సభ తీర్మానం కావలెను. పాలు తక్కువ పోసే సభ్యుని బిడ్డ, ఎక్కువ పోసే సభ్యుని బిడ్డ అనే భేదం తీర్మానంలో ఉండరాదు. జబ్బును బట్టి వరుస, లీటర్లను బట్టి కాదు. ఇష్టం లేనివారిని బలవంతపెట్టవద్దు, వారి పాలు తీసుకోమని బెదిరించవద్దు.

అడ్వాన్సు ఫారం, నమూనా తీర్మానం కాపీలు ఈ బల్ల మీద ఉన్నాయి, కార్యదర్శులు తలా ఒకటి తీసుకోవచ్చును. పిల్లల పేర్ల పట్టిక మా కార్యాలయానికి పంపనవసరం లేదు, సంఘంలోనే భద్రంగా ఉంచండి. భోజనం తరువాత నగదు పుస్తకం, అడ్వాన్సుల ఖాతా ఎట్లా సరిపోల్చవలెనో చూద్దాము.